లెక్కకు బానిసలు, సీట్లకు యజమానులు

గత నెల ఈ శీర్షికలో అమెరికా రాజ్యాంగం గురించి జవాబిస్తూ, ‘జనాభా లెక్కలో బానిసల్ని అయిదింట మూడు వంతులుగా తీసుకున్నారు’ అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొందరు కోప్పడ్డారు, కొందరు నమ్మలేకపోయారు, ఒకాయన నాకు లెక్కలు రావని తేల్చేశారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. కాలేజీలో అమెరికా చరిత్ర పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలు ఎక్కువగా తడబడింది ఇక్కడే. కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం వర్జీనియాలో ఉంటాం. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, ‘నల్లవాళ్ళు అయిదింట మూడు వంతుల మనుషులేనని రాజ్యాంగంలో రాశారమ్మా’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అంత చదువుకున్నవాళ్ళు అంత మాట ఎలా రాశారండీ?

జవాబు: మీ అమ్మాయి కోపం న్యాయమైనదే. కాకపోతే తగలాల్సిన చోట తగల్లేదు. రాజ్యాంగం మొదటి అధికరణం రెండో సెక్షన్లో ఉన్న ఆ నిబంధన ఒంటి రంగు గురించి మాట్లాడదు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో, నేరుగా వేసే పన్నుల్లో ఏ రాష్ట్రం వాటా ఎంతో జనాభాని బట్టి తేల్చమంటుంది. జనాభా ఎలా కట్టాలో కూడా చెబుతుంది. స్వేచ్ఛగా ఉన్నవాళ్ళు అందరూ పూర్తిగా లెక్కకొస్తారు, కొన్నేళ్ళ ఒప్పందం మీద పనికి కుదిరినవాళ్ళతో సహా. పన్ను కట్టని స్థానిక తెగలవాళ్ళు అసలు రారు. ‘మిగతా వ్యక్తులందరిలో’ అయిదింట మూడు వంతులు వస్తారు. ఆ మిగతా వ్యక్తులే బానిసలు. 1790 నాటికి స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు దాదాపు 60 వేల మంది. వాళ్ళు తెల్లవాళ్ళలాగే తలకి ఒకటి చొప్పున లెక్కలోకి వచ్చారు.

ఇప్పుడు మీ అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి. రాజ్యాంగం రాసిన సభలో బానిసల్ని పూర్తి మనుషుల కింద లెక్కించి తీరాలని పట్టుబట్టింది ఎవరు? వాళ్ళ యజమానులు! అసలు లెక్కలోకే తీసుకోవద్దన్నది బానిసలు తక్కువగా ఉన్న రాష్ట్రాలవాళ్ళు. నా క్లాసులో ఈ మాట చెప్పగానే, మేడమ్ పొరపాటున తిరగేసి చెప్పారేమోనని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

1787 మే నుంచి సెప్టెంబరు దాకా ఫిలడెల్ఫియాలో ఆ సభ జరిగింది. మొత్తం 55 మంది ప్రతినిధులు వచ్చారు. వాళ్ళలో దాదాపు సగం మందికి సొంత బానిసలున్నారు. లోపలి మాట బయటికి పొక్కకూడదని నియమం. ఎవరేమన్నారో మనకి తెలిసింది చాలావరకు వర్జీనియా ప్రతినిధి, తర్వాత అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ రాసిపెట్టుకున్న నోట్సు వల్లే. అవి 1840లో, ఆయన చనిపోయాక గానీ అచ్చు కాలేదు.

జూన్ 11న పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ అయిదింట మూడు వంతుల ప్రతిపాదన పెట్టాడు. వెంటనే మాసచూసెట్స్ నుంచి వచ్చిన ఎల్బ్రిడ్జ్ జెర్రీ లేచి, దక్షిణాదిలో నల్లవాళ్ళు ఆస్తే కదా, వాళ్ళని లెక్కేస్తే ఉత్తరాదిలో మా ఎడ్లనీ గుర్రాలనీ ఎందుకు లెక్కెయ్యరని అడిగాడు. జులై 9న న్యూజెర్సీ ప్రతినిధి విలియం పాటర్సన్ ఇంకాస్త సూటిగా వెళ్ళాడు. వర్జీనియాలో ఎన్నికలు జరిగితే ఎక్కువమంది బానిసలున్నవాడికి ఎక్కువ ఓట్లిస్తున్నారా? మీ రాష్ట్రంలో మీరే పాటించని లెక్క దేశానికెందుకు? దీనికి దక్షిణాదివాళ్ళ దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు లేకపోయినా బేరం ఆగలేదు. జులై 11న సౌత్ కరోలినా ప్రతినిధి పియర్స్ బట్లర్, తమ రాష్ట్రంలో బానిస చేసే పని మాసచూసెట్స్‌లో స్వేచ్ఛాజీవి చేసే పనికి ఏమీ తీసిపోదు కాబట్టి ఇద్దర్నీ సమానంగా లెక్కించాలన్నాడు. మాట వినడానికి ఎంత ఉదారంగా ఉందో చూడండి! ఆ తీర్మానానికి మూడు రాష్ట్రాలే చెయ్యెత్తాయి, వీగిపోయింది. మర్నాడు నార్త్ కరోలినా నుంచి వచ్చిన విలియం డేవీ, కనీసం అయిదింట మూడు వంతులైనా లెక్కెయ్యకపోతే మా రాష్ట్రం ఈ యూనియన్లో చేరదు, ఇక ఇంతే సంగతులు అన్నాడు. ఆ రోజే సూత్రం పాసైంది.

అందరికంటే గట్టిగా మాట్లాడినవాడు గవర్నర్ మోరిస్. గవర్నర్ అన్నది ఆయన పేరే, పదవి కాదు. పెన్సిల్వేనియా ప్రతినిధి, ఒక కాలు కొయ్యకాలు. ఆగస్టు 8న లేచి, ‘వాళ్ళు మనుషులా? అయితే పౌరులుగా చేసి ఓటివ్వండి. ఆస్తా? అయితే వేరే ఏ ఆస్తినీ ఎందుకు లెక్కెయ్యరు?’ అని అడిగాడు. ఆఫ్రికా తీరానికి పోయి, తోటి మనుషుల్ని అయినవాళ్ళ దగ్గర్నుంచి లాక్కొచ్చి బానిసలుగా చేసే జార్జియావాడికి, ఆ పనిని అసహ్యించుకునే పెన్సిల్వేనియావాడి కంటే ఎక్కువ ఓట్లు ఇవ్వబోతున్నామని మొహమ్మీదే చెప్పాడు. ఎవరూ వినలేదు. నెల తిరిగేసరికి రాజ్యాంగం తుదిప్రతిని చక్కగా రాసే పని ఆయన మీదే పడింది. తను అంతలా తిట్టిపోసిన నిబంధనకి తనే మెరుగులు దిద్దాడు.

మీ అమ్మాయితో ఇలా చెప్పండి. ఆ భిన్నం ఒకటయితే బానిసకి ఒరిగేదేమీ లేదు, యజమాని బలమే పెరుగుతుంది. సున్నా అయితే యజమాని బలం తగ్గుతుంది. ఆ పిల్ల కోపం మూడు వంతుల మీద కాకుండా, ఆ మూడు వంతులు ఎవరి ఖాతాలో పడ్డాయన్న దాని మీదకి మళ్ళాలి.

ప్రశ్న: సగం కాకుండా, ముప్పాతిక కాకుండా అయిదింట మూడు వంతులే ఎందుకు? ఏమైనా శాస్త్రీయమైన లెక్క ఉందా?

జవాబు: శాస్త్రం లేదు, పాడూ లేదు. అచ్చమైన బేరం. అదీ సీట్ల కోసం మొదలైంది కాదు, పన్నుల కోసం.

1776లో, అంటే స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన నెలలోనే, రాష్ట్రాలు ఖర్చులు ఎలా పంచుకోవాలన్న చర్చ వచ్చింది. జనాభాని బట్టి పంచుకుంటే బానిసల్ని కూడా కలపాలా? సౌత్ కరోలినా ప్రతినిధి థామస్ లించ్ మండిపడ్డాడు. బానిసలు మా ఆస్తి, భూమి మీదా గొర్రెల మీదా పశువుల మీదా లేని పన్ను వాళ్ళ మీదెందుకన్నాడు. దానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్, గొర్రెలకీ బానిసలకీ కాస్త తేడా ఉంది, గొర్రెలు ఎప్పుడూ తిరుగుబాటు చెయ్యవు అని అంటించాడు. ఈ వాదన మళ్ళీ 1783లో వచ్చింది. పన్ను కాబట్టి అప్పుడు దక్షిణాదివాళ్ళు బానిసల లెక్క తగ్గించమన్నారు, ఉత్తరాదివాళ్ళు పెంచమన్నారు. ఒకరు నలుగురిని ఒకరిగా కట్టమంటే, ఒకరు ఇద్దర్ని ఒకరిగా అన్నారు, ఇంకొకరు నలుగురిని ముగ్గురిగా అన్నారు. చివరికి 32 ఏళ్ళ మాడిసన్, అయిదుగురిని ముగ్గురిగా కడదాం అని మధ్యేమార్గం చెప్పాడు. ఆ పన్నుల ప్రతిపాదనకి అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోకపోవడంతో అది అమలు కాలేదు గానీ, అంకె మాత్రం అందరి నోళ్ళలో మిగిలిపోయింది. నాలుగేళ్ళ తర్వాత అదే అంకెని తెచ్చి సీట్లకి అతికించారు. పన్నంటే గొర్రెలు, సీట్లంటే మనుషులు! ఏ ఎండకా గొడుగు పట్టడమంటే ఇదే.

ఆ 1783లోనే జరిగిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మాడిసన్ దగ్గర బిల్లీ అనే బానిస ఉండేవాడు, ఆయనతో పాటు ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. సెప్టెంబరులో తండ్రికి రాసిన ఉత్తరంలో మాడిసన్, బిల్లీ మనసు బాగా ‘చెడిపోయింది’, వర్జీనియాలో మిగతా బానిసల మధ్యకి తీసుకురావడం మంచిది కాదంటాడు. అక్కడితో ఆగితే అందరు యజమానుల్లాంటి వాడే. కానీ ఆ వెంటనే, మనం ఇంత రక్తం ధారపోసి సంపాదించుకున్న, ప్రతి మనిషికీ హక్కని ఇన్నిసార్లు చాటిన స్వేచ్ఛనే వాడూ కోరుకున్నాడు, అంతమాత్రానికి వాణ్ణి ఎలా శిక్షించనూ అని రాశాడు. అంతా తెలిసినవాడే. అయినా విడిచిపెట్టలేదు. పెన్సిల్వేనియా చట్టం ఒప్పుకున్న మేరకు కొన్నేళ్ళ గడువు పెట్టి అమ్మేశాడు. మాడిసన్ని దుర్మార్గుడని నేననను. న్యాయం తెలిసిన మనిషి వడ్డీ లెక్కలు కూడా వేసుకుంటే ఎలా ఉంటాడో చూడాలంటే మాత్రం ఆ ఒక్క ఉత్తరం చాలు.

ప్రశ్న: మీరు ఇదేదో ఘోరమన్నట్టు రాశారు. వాస్తవానికి దీనివల్ల దక్షిణాదికి వచ్చింది ఎంత? రెండు మూడు సీట్లేగా? అంకెలు చూపించగలరా?

జవాబు: నాకు లెక్కలు రావన్నది మీరేగా! సరే, పెన్నూ కాగితం తీసుకోండి. నేను బోర్డు మీద వేయించిన లెక్కే ఇది.

1790 జనాభా లెక్కలు తీయండి. పెన్సిల్వేనియాలో మొత్తం 4,34,373 మంది. అందులో బానిసలు 3,737. వర్జీనియాలో మొత్తం 7,47,610 మంది. అందులో బానిసలు 2,92,627. బానిసల్ని తీసేస్తే పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా ఉన్నవాళ్ళు 4,30,636, వర్జీనియాలో 4,54,983. రెండూ ఇంచుమించు ఒకటే. 33 వేల మందికి ఒక సీటు అని లెక్క కట్టారు. బానిసల్ని కలపకుండా భాగిస్తే రెండింటికీ చెరో 13 సీట్లు రావాలి.

ఇప్పుడు వర్జీనియా బానిసల్లో అయిదింట మూడు వంతులు కలపండి. 1,75,576 వస్తుంది. మొత్తం 6,30,559. దాన్ని 33 వేలతో భాగిస్తే 19. పెన్సిల్వేనియాకి తన కొద్దిమంది బానిసల్ని కలిపినా 13 దాటదు. ఆ పదేళ్ళూ సభలో వర్జీనియాకి 19 సీట్లు, పెన్సిల్వేనియాకి 13. ఒక్క రాష్ట్రానికే 6 సీట్లు అదనం! మొత్తం సభే 105 మంది.

ఇక్కడితో అయిపోలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీలో ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభలో సీట్లు, పైసభ సెనేట్లో సీట్లు కలిపినన్ని ఓట్లు. అంటే ఈ అదనం అక్కడికీ పాకింది. 1787 సభలో అధ్యక్ష ఎన్నిక గురించి మాట్లాడుతూ మాడిసన్ దాచుకోకుండానే చెప్పాడు. జనం నేరుగా ఓటేస్తే నీగ్రోల లెక్క దక్షిణాదికి కలిసిరాదు, ఎలక్టర్లు ఉంటే ఆ ఇబ్బంది ఉండదని. 1800 ఎన్నికలో జెఫర్సన్‌కి 73 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ ఆడమ్స్‌కి 65. తేడా 8. బానిసల లెక్క మీద జెఫర్సన్‌కి వచ్చినవి కనీసం 12 ఉంటాయని చరిత్రకారులు కడతారు. మొదటి 36 ఏళ్ళలో 32 ఏళ్ళు అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది వర్జీనియా యజమానులే: వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో. అంతా ఈ భిన్నం మహిమే అనను, వాళ్ళు సమర్థులు కూడా. కానీ గాలి వాళ్ళ వెనకనుంచే వీచింది.

మరి దీనికి బదులుగా పన్ను ఎక్కువ కట్టాలి కదా అంటారేమో. ఒప్పందం ప్రకారం కట్టాలి. కానీ ఆ తరహా నేరు పన్ను కేంద్రం వేసిందే అరుదు. 1798లో ఒకసారి, బ్రిటన్‌తో 1812 యుద్ధం రోజుల్లో కొన్నిసార్లు, మళ్ళీ 1861లో. ఖజానా నడిచింది ఎక్కువగా దిగుమతి సుంకాల మీద. సీట్లు మాత్రం ఏటా ఉన్నాయి.

ప్రశ్న: అంటే ఒక యజమాని తనకో ఓటు, బానిసల తరఫున ఇంకొన్ని ఓట్లు వేసేవాడా?

జవాబు: లేదు బాబూ. పోలింగులో ఎవరికైనా ఒక్క ఓటే. అదనపు సీట్లు రాష్ట్రానికి వచ్చేవి.

ప్రశ్న: అప్పట్లో ఆడవాళ్ళకీ ఓటు లేదు, పిల్లలకీ లేదు. కానీ వాళ్ళని పూర్తిగా లెక్కించారు. మరి బానిసల విషయంలోనే తప్పేముంది మేడమ్? ఇది వాదన కోసం అడగడం లేదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను.

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చినది మీదేనమ్మా.

ఆడవాళ్ళకి ఓటు లేకపోవడం అన్యాయమే, అందులో మాటే లేదు. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్ళు 1807 దాకా ఓటేసి, ఆ తర్వాత ఆ హక్కు పోగొట్టుకున్నారు కూడా. కానీ ఒక తేడా ఉంది. ఇంటాయన ఓటేసి పంపిన ప్రతినిధి ఆ ఇల్లాలి మేలు సరిగ్గా చూడకపోవచ్చు, కీడు చెయ్యడానికే వెళ్ళాడని మాత్రం అనలేం. బానిసల లెక్కతో వచ్చిన సీట్లో కూర్చున్నవాడి మొదటి పని ఆ బానిసల్ని బానిసలుగా ఉంచడం. వాళ్ళ తలలు చూపించి తెచ్చుకున్న బలాన్ని వాళ్ళ మీదే వాడారు. పైగా బానిసలు పెరిగేకొద్దీ సీట్లు పెరుగుతాయి. 1808 దాకా ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడాన్ని కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఆపకూడదని అదే రాజ్యాంగంలో ఇంకో నిబంధన పెట్టారు. రెండూ కలిపి చదవండి.

ఓనా జడ్జ్ గురించి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఆమె మార్తా వాషింగ్టన్‌కి సేవ చేసే బానిస. దేశ రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో వాషింగ్టన్ దంపతులతో అధ్యక్ష భవనంలో ఉండేది. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం, బయటి నుంచి తెచ్చిన బానిస అక్కడ ఆరు నెలలుంటే స్వేచ్ఛ అడగొచ్చు. అందుకని వాషింగ్టన్ ఆరు నెలలు నిండకుండా తన మనుషుల్ని రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవాడు. ఇదేదో పుకారు కాదు, కార్యదర్శికి ఆయన రాసిన ఉత్తరాల్లోనే ఉంది. పారిపోయిన బానిసల్ని పట్టితెచ్చే 1793 చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే.

1796 మే 21న దంపతులు భోజనం చేస్తుండగా ఓనా జడ్జ్ ఇంట్లోంచి బయటికి నడిచింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పేపర్లో ప్రకటన వేశారు, పట్టిస్తే 10 డాలర్లు. మనుషుల్ని పంపారు. ఆమె రాలేదు. 1848లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో పారిపోయిన ఆస్తే. ముసలితనంలో ఒక పత్రికవాళ్ళు, అక్కడ సుఖంగా ఉండేదానివి, ఇక్కడ ఇన్ని కష్టాలు పడ్డావు, వచ్చేసినందుకు బాధపడుతున్నావా అని అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నానంది. ఇలాంటి మనుషుల్ని అయిదింట మూడు వంతులుగా కలిపి కట్టిన సీట్లున్న కాంగ్రెసే ఆమెని వెతికి పట్టుకునే చట్టం చేసింది. ఏ ఇల్లాలినీ తన భర్త పంపిన ప్రతినిధి అలా వేటాడలేదు.

ఇంకో సంగతి. 1836 నుంచి 1844 దాకా బానిసత్వం మీద జనం పంపిన అర్జీల్ని సభ చర్చకే తీసుకోకూడదని నియమం పెట్టుకున్నారు. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ముసలివయసులో సభ్యుడిగా కూర్చుని దాని మీద ఏళ్ళ తరబడి పోట్లాడాడు. చివరికి ఎత్తేయించాడు కూడా.

ప్రశ్న: మీ జవాబుల్లో ఉత్తరాదివాళ్ళు పుణ్యాత్ములు, దక్షిణాదివాళ్ళు పాపాత్ములు అన్నట్టుంటుంది. నిజమేనా?

జవాబు: కాదండీ. జెర్రీ ఎడ్లూ గుర్రాల సంగతి ఎత్తింది బానిసల మీద జాలితో కాదు, సీట్లు పోతాయన్న బాధతో. బానిసల దిగుమతిని 1808 దాకా పొడిగించాలన్నప్పుడు ఆ తీర్మానాన్ని బలపరిచినవాడు మాసచూసెట్స్ ప్రతినిధి. న్యూహాంప్‌షైర్, మాసచూసెట్స్, కనెక్టికట్ మూడూ దానికే ఓటేశాయి. ఓడల వ్యాపారానికి పనికొచ్చే చట్టాల మీద దక్షిణాది అడ్డుపడకుండా ఉంటుందన్న బేరం దాని వెనకుంది. వద్దన్నవాళ్ళలో వర్జీనియా ఉంది! అక్కడ బానిసలు అప్పటికే కావలసినంత మంది ఉన్నారు మరి. ఉత్తరాదిలోనూ బానిసలుండేవాళ్ళు, వాళ్ళ విముక్తికి న్యూయార్క్ చట్టం మొదలుపెట్టింది 1799లో, న్యూజెర్సీ 1804లో. ఆ మాటకొస్తే సౌత్ కరోలినా ప్రతినిధి రట్లెడ్జ్ ఒక్కడే కపటం లేకుండా మాట్లాడాడేమో. మతానికీ మానవత్వానికీ ఈ విషయంతో సంబంధం లేదు, లాభమే దేశాల్ని నడుపుతుందన్నాడు.

ప్రశ్న: బానిసగా పుట్టి, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అంతటివాడు ఈ నిబంధన బానిసత్వానికి వ్యతిరేకమన్నాడని చదివాను. మరి మీరు?

జవాబు: అన్నాడు. 1860లో గ్లాస్గోలో మాట్లాడుతూ, బానిసలున్న రాష్ట్రాలకి ఇది శిక్షే, బానిసని విడిచిపెడితే ఆ రాష్ట్రానికి ఇంకో రెండు వంతులు కలిసొస్తాయి కదా అన్నాడు. బానిసత్వ వ్యతిరేక పత్రిక నడిపిన విలియం లాయిడ్ గారిసన్ దానికి పూర్తిగా అవతలి వైపు. ఆయన 1854 జులై 4న అందరి ముందూ రాజ్యాంగం ప్రతిని తగలబెట్టాడు.

డగ్లస్ వాదన లాయరు వాదన, మంచి లాయరు వాదన. రాజ్యాంగాన్ని యజమానుల చేతిలోంచి లాక్కోవాలన్నది ఆయన పట్టుదల, దానికి అది పనికొచ్చింది. కానీ ఆయన ఒకటి నుంచి కిందికి కొలిచాడు. నేను పాటర్సన్ అడిగినట్టు సున్నా నుంచి పైకి కొలుస్తాను. సొంత రాష్ట్ర ఎన్నికల్లో లేని లెక్క ఇక్కడ వచ్చిందంటే అది బహుమానమే. ఇది శిక్షయితే, తీసెయ్యమని 1814-15లో హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమైన న్యూ ఇంగ్లండ్ (ఈశాన్య రాష్ట్రాల) వాళ్ళు అడిగినప్పుడు దక్షిణాది ఎగిరి గంతెయ్యాలి కదా? వెయ్యలేదు.

ప్రశ్న: ఇది ఎప్పుడు పోయింది? బానిసత్వం పోగానే ఈ సమస్యా తీరినట్టేగా?

జవాబు: తీరినట్టే అనిపిస్తుంది. నిజానికి ఇంకా ముదిరింది.

1865లో 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. ఇక ‘మిగతా వ్యక్తులు’ అంటూ ఎవరూ లేరు, అందరూ తలకొకటే. 1860 లెక్కల్లో బానిసలు 39 లక్షల 50 వేల పైచిలుకు. ఇదివరకు లెక్కకు రాని రెండు వంతులు, అంటే దాదాపు 16 లక్షల మంది, ఒక్కసారిగా దక్షిణాది ఖాతాలో చేరారు. ఉత్తరాదితో అంతర్యుద్ధంలో ఓడిపోయినవాళ్ళకి సీట్లు పెరుగుతాయన్నమాట! విముక్తులైన నల్లవాళ్ళకి అప్పటికి ఓటు లేదు. ఇది చూసి ఉత్తరాది కాంగ్రెస్ సభ్యులకి గుండెల్లో రాయి పడింది. 1868లో వచ్చిన 14వ సవరణ రెండో సెక్షన్ ఆ భయంలోంచి పుట్టిందే. ఏ రాష్ట్రమైనా 21 ఏళ్ళు నిండిన మగ పౌరులకి ఓటు నిరాకరిస్తే, ఆ మేరకు దాని సీట్లు తగ్గించాలంటుంది. 1870లో 15వ సవరణ, రంగును బట్టి ఓటు ఆపకూడదంది.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి నాయకుడు 1870లో సెనేట్లో కూర్చున్నాడు. తర్వాత కేంద్రం దక్షిణాదిలో పెట్టిన సైన్యాన్ని వెనక్కి తీసుకుంది, కథ తిరగబడింది. మిసిసిపీ 1890లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసుకుంది. ఓటుకి 2 డాలర్ల పన్ను, పైగా రాజ్యాంగంలో ఏదో ఒక భాగం చదివి గానీ, చదివితే విని అర్థం చెప్పి గానీ అధికారిని మెప్పించాలి. ఎవరికి ఏ భాగం ఇవ్వాలో అధికారి ఇష్టం. లూసియానాలో 1896 నాటికి ఓటరు జాబితాలో 1,30,334 మంది నల్లవాళ్ళుంటే 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఈ రెండంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి ఊరుకునేదాన్ని, వేరే వివరణ అక్కర్లేకపోయేది.

ఆ 1,342 మంది కాక మిగతావాళ్ళంతా జనాభా లెక్కలో మాత్రం ఉన్నారు, ఈసారి పూర్తి తలలుగా. వాళ్ళ లెక్క మీద వచ్చిన సీట్లలో వాళ్ళకి ఓటు లేకుండా చేసినవాళ్ళే కూర్చున్నారు. 14వ సవరణ రెండో సెక్షన్ చెప్పిన సీట్ల కోత ఒక్క రాష్ట్రానికైనా, ఒక్కసారైనా వేశారా అంటే లేదు. నన్నడిగితే 1787 ఒప్పందం కంటే ఇదే పెద్ద దోపిడీ. అక్కడ కనీసం రెండు వంతులు తగ్గించారు! 1965 ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా ఇదే తంతు.

ప్రశ్న: ఇప్పుడు కూడా ఓటు లేనివాళ్ళని లెక్కిస్తున్నారా? నేను హెచ్-1బీ మీద న్యూజెర్సీలో ఉన్నాను. నేను లెక్కలోకి వస్తానా? తోటి ఉద్యోగి ఒకాయన, నువ్వు ఫారం నింపడం మోసం అన్నాడు. అప్పట్నుంచి కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి, వస్తారు. 14వ సవరణలో ఉన్న మాట ‘వ్యక్తుల మొత్తం సంఖ్య’. పౌరులని లేదు. రాష్ట్రాలు తమ నియోజకవర్గాలు గీసుకునేటప్పుడు ఓటర్లని కాకుండా మొత్తం జనాభాని తీసుకోవచ్చని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు అక్కడ రోడ్డు వాడతారు, పన్ను కడతారు, మీ పిల్లలు అక్కడ బడికెళ్తారు. మిమ్మల్ని అణిచి ఉంచడానికే పుట్టిన సీటు కాదది. కాబట్టి పాత కథతో పోల్చి కంగారు పడొద్దు.

పోలిక నిజంగా దగ్గరగా వచ్చేది జైళ్ళ దగ్గర. సెన్సస్‌లో ఖైదీని సొంత ఊళ్ళో కాక జైలున్న చోట లెక్కిస్తారు. మెయిన్, వెర్మాంట్ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప శిక్ష అనుభవిస్తున్నవాడికి ఓటు లేదు. ఎక్కడో పల్లెలో పెద్ద జైలుంటే ఆ నియోజకవర్గం లెక్క ఉబ్బుతుంది, ఖైదీ వచ్చిన నగరపు పేట లెక్క తగ్గుతుంది. ఇది చూసి మేరీలాండ్, న్యూయార్క్ 2010లో, రాష్ట్ర నియోజకవర్గాలు గీసేటప్పుడు ఖైదీని సొంత చిరునామాలోనే లెక్కించాలని చట్టం చేశాయి. తర్వాత మీ న్యూజెర్సీ కూడా చేసింది.

ఇక ఫారం సంగతి. తర్వాతి సెన్సస్ లెక్క తేదీ 2030 ఏప్రిల్ 1. ఆ రోజుకి మీ ఇంట్లో ఎవరు స్థిరంగా ఉంటున్నారో వాళ్ళందరి పేర్లూ రాయండి, వీసా ఏదైనా సరే. మీ బేస్‌మెంట్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకునే తమ్ముడు ఉంటే అతని పేరు మర్చిపోవద్దు, చాలామంది వదిలేసేది అలాంటివాళ్ళనే. విజిటర్ వీసా మీద నాలుగు నెలలు మీ దగ్గర ఉండి వెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నల పేర్లు మాత్రం రాయకండి.